క్వశ్చన్ ట్యాగులు నేర్పడం: ఇంగ్లిష్ టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో, ఇంటర్‌లో, స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో తెలుగువాళ్లకు ఇంగ్లిష్ చెప్పేవాళ్ల కోసం ఈ పేజీ. ఉదాహరణలన్నీ పలికే తీరుకు దగ్గరగా తెలుగు లిపిలో ఇచ్చాం. బోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగుతోనే రాయండి. ముఖ్యంగా అపాస్ట్రఫీ ఎక్కడ పడుతుందో పిల్లలు కళ్లారా చూడాలి.

క్వశ్చన్ ట్యాగ్ అంటే ఏమిటో పిల్లలకు ఎలా చెప్పాలి?

నిర్వచనంతో మొదలుపెట్టకండి. రెండు సందర్భాలు పక్కపక్కన పెట్టండి. ఎదుటివాళ్ల ఊరేదో మీకు తెలియదు: "డూ యూ లివ్ ఇన్ వరంగల్?" అని అడుగుతారు. వరంగల్ అని ఎవరో చెప్పగా విన్నారు, రూఢి చేసుకుంటే చాలు: "యూ లివ్ ఇన్ వరంగల్, డోంట్ యూ?" అంటారు. మొదటిది "మీరు వరంగల్లో ఉంటారా?", రెండోది "మీరుండేది వరంగల్లో కదా?" రెండో వాక్యం చివరి "డోంట్ యూ"నే క్వశ్చన్ ట్యాగ్.

ఈ తేడా తెలియకపోతే మిగతాదంతా ఖాళీలు పూరించే లెక్కగా మిగులుతుంది. పది ట్యాగులు తప్పు లేకుండా రాసే పిల్లవాడు మాటల్లో ఒక్కటీ వాడకపోవడానికి కారణం ఇదే. ట్యాగ్ ఎలా చెయ్యాలో నేర్చుకున్నాడు గానీ ఎప్పుడు అవసరమవుతుందో ఎవరూ చెప్పలేదు.

తెలుగువాళ్లకు ఇది ఎందుకంత కష్టం?

మనకు "కదా" ఒక్కటి చాలు. వాడు వచ్చాడు కదా, ఆమె రాలేదు కదా, రేపు వెళ్దాం కదా, నీకు ఈత వచ్చు కదా. కాలం మారినా, మనిషి మారినా, వాక్యం ఔనని చెప్పినా కాదని చెప్పినా దానికి పట్టదు. హిందీ "నా", ఫ్రెంచ్ వాళ్ల "నెస్ పా" కూడా ఇలాంటివే. ఇంగ్లిష్ మాత్రం వాక్యం చివరికొచ్చాక నాలుగు సంగతులు ఒకేసారి తేల్చుకోమంటుంది: హెల్పింగ్ వెర్బ్ ఏది, కాలం ఏది, పాజిటివా నెగటివా, ఏ ప్రొనౌన్. మాట్లాడుతూ మాట్లాడుతూ అంత వేగంగా తేల్చుకోలేక అందరూ "ఇజంట్ ఇట్"లో తలదాచుకుంటారు.

ఇది మొదలుపెట్టే ముందు పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలి?

ఔను–కాదు ప్రశ్నలు చెయ్యడం, "యెస్, ఐ డూ", "నో, షీ ఇజంట్" లాంటి పొట్టి జవాబులు, డోంట్–డజంట్–డిడంట్ తేడా, ప్రొనౌన్లు. ఇవి రాకుండా ట్యాగులు చెప్తే గాలిలో మేడ కట్టినట్టే.

పరీక్షించడానికి అయిదు నిమిషాలు చాలు. పది స్టేట్‌మెంట్లు చదివి ప్రశ్నలుగా మార్చమనండి. అందులో కనీసం అయిదు "షీ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్", "దే వెంట్ హోమ్" లాగా హెల్పింగ్ వెర్బ్ బయటికి కనపడనివి ఉండాలి. క్లాసులో ఎక్కువమంది ఏడెనిమిది సరిగ్గా చెయ్యలేకపోతే ట్యాగులు వాయిదా వెయ్యండి. ఆ వారం డూ, డజ్, డిడ్ మీదే ఉండండి.

మొదటి పీరియడ్ 45 నిమిషాలు ఎలా నడపాలి?

ఆ రోజు "బీ" వెర్బ్ మాత్రమే, పాజిటివ్ వాక్యాలు మాత్రమే.

మొదటి 5 నిమిషాలు బోర్డు జోలికి వెళ్లకండి. క్లాసులో అందరికీ తెలిసిన సంగతులే ఒక్కొక్కరితో అనండి: "రమ్యా, యూ ఆర్ ఇన్ ద కబడ్డీ టీమ్, ఆరంట్ యూ?" "ఇట్స్ హాట్ టుడే, ఇజంట్ ఇట్?" పిల్లలు "యెస్, ఐ యామ్", "యెస్, ఇట్ ఈజ్" అంటే చాలు. తర్వాత 10 నిమిషాలు అవే వాక్యాలు ఆరు బోర్డు మీద రాసి, హెల్పింగ్ వెర్బ్ కింద గీత గీసి, అక్కణ్నుంచి ట్యాగ్ దాకా బాణం వేయండి. రూల్ మీరు చెప్పొద్దు, వాళ్లచేతే చెప్పించండి. ఇంకో 10 నిమిషాలు అందరూ కలిసి పలకాలి, ట్యాగ్ దగ్గర గొంతు కిందికి దిగాలి. ఆపైన 15 నిమిషాలు జంటలు: పక్కవాళ్ల గురించి తనకు తెలిసిన అయిదు సంగతులు రాసుకుని, ట్యాగ్ తగిలించి అడగాలి, అవతలివాళ్లు జవాబివ్వాలి. చివరి 5 నిమిషాల్లో ప్రతి ఒక్కరూ మూడు వాక్యాలు చీటీ మీద రాసి ఇచ్చి వెళ్లాలి.

రెండో రోజు డూ, డజ్, డిడ్. మూడో రోజు నెగటివ్ వాక్యాలు, వాటికి జవాబులు. నాలుగో రోజు పైకి లేచే గొంతు. ఐ యామ్, లెట్స్, ఎవ్రీబడీ వంటి వింతలన్నీ ఆ తర్వాతే, రోజుకొకటి, పీరియడ్ మొదట్లో అయిదు నిమిషాలు. మొదటి రోజే పన్నెండు రూల్స్ బోర్డు నిండా రాసేస్తే పిల్లల నోట్సు నిండుతుంది. అంతకుమించి జరిగేదేమీ ఉండదు.

ట్యాగ్ చెయ్యడానికి మెట్లు ఏ వరుసలో చెప్పాలి?

ఈ వరుసలో:

1. వాక్యంలో హెల్పింగ్ వెర్బ్ ఉందేమో చూడు. ఒకటికంటే ఎక్కువుంటే మొదటిదే లెక్క. "షీ హాజ్ బీన్ వెయిటింగ్"లో హాజ్.
2. లేకపోతే డూ, డజ్, డిడ్‌లలో తగినది తెచ్చుకో.
3. వాక్యం పాజిటివ్ అయితే ట్యాగ్ నెగటివ్, నెగటివ్ అయితే పాజిటివ్.
4. సబ్జెక్టును ప్రొనౌన్‌గా మార్చి చివర పెట్టు.

"యువర్ ఫాదర్ వర్క్స్ ఇన్ సింగరేణి": హెల్పింగ్ వెర్బ్ లేదు, వర్క్స్‌లో ఎస్ ఉంది కాబట్టి డజ్, వాక్యం పాజిటివ్ కాబట్టి డజంట్, ఫాదర్ బదులు హీ. "డజంట్ హీ?"

పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఏ మెట్టు దగ్గర జారాడో గమనించండి. "ఇజంట్ హీ" అన్నవాడు రెండో మెట్టు దగ్గర జారాడు. "డజ్ హీ" అన్నవాడు మూడో మెట్టు మరిచాడు. "డజంట్ ఫాదర్" నాలుగో మెట్టు. "డజంట్ యూ" అన్నది కూడా నాలుగోదే, కానీ కారణం వేరు: వాక్యంలోని "యువర్" చూసి సబ్జెక్టు "యూ" అనుకున్నాడు. తప్పు ఒకేలా కనపడినా మందు ఒకటి కాదు.

హెల్పింగ్ వెర్బ్ కనపడని వాక్యాల్లోనే ఎక్కువ తప్పులొస్తున్నాయి. ఏం చెయ్యాలి?

ట్యాగ్ అడిగే ముందు ప్రశ్న అడగండి. "దే వెంట్ టు తిరుపతి" అన్నదాన్ని ప్రశ్నగా మారిస్తే "డిడ్ దే గో" వస్తుంది. ఆ డిడ్ దొరికాక ట్యాగ్ సగం అయిపోయినట్టే. కొన్నాళ్లు ఈ మధ్య మెట్టును పైకి అనిపించండి, అలవాటయ్యాక మానెయ్యవచ్చు.

పుట్, కట్, హిట్, రీడ్ లాంటివి ప్రత్యేకంగా చూపించాలి. "షీ పుట్ ద కీస్ ఆన్ ద టేబుల్" వర్తమానం కాదు, అయితే "పుట్స్" అయి ఉండేది. అందుకే "డిడంట్ షీ". "దే పుట్" అని ఉంటే రెండు కాలాలూ కుదురుతాయి కాబట్టి ప్రశ్నపత్రంలో ఎస్టర్డే, ఎవ్రీ డే లాంటి మాట ఒకటి తప్పనిసరిగా పెట్టండి. లేకపోతే తప్పు పిల్లవాడిది కాదు, పేపరుది.

"హావ్" వచ్చినప్పుడు "హావంట్"ఆ, "డోంట్"ఆ?

ఆ హావ్ చేసే పనిని బట్టి. "యూ హావ్ ఫినిష్డ్, హావంట్ యూ?" ఇక్కడ అది హెల్పింగ్ వెర్బ్. "యూ హావ్ టూ బ్రదర్స్, డోంట్ యూ?" ఇక్కడ అసలు వెర్బ్. "షీ హాడ్ లంచ్, డిడంట్ షీ?" "వీ హావ్ టు గో, డోంట్ వీ?" "యూ హావ్ గాట్ ఎ బైక్, హావంట్ యూ?"

పాత బ్రిటిష్ పద్ధతిలో "యూ హావ్ టూ బ్రదర్స్, హావంట్ యూ?" కూడా ఉంది, కొన్ని గైడ్లలో ఇప్పటికీ అదే కనపడుతుంది. అలా రాసినవాళ్ల మార్కులు కొయ్యకండి. నేర్పడం మాత్రం "డోంట్ యూ" నేర్పండి. "షీ హాడ్ లంచ్, హాడంట్ షీ" మాత్రం తప్పే.

"హీ ఈజ్", "హీ హాజ్" రెండూ "హీస్" అయిపోతే?

వెనకాల వచ్చే మాట చూడమనండి. "హీస్ టాల్", "హీస్ స్లీపింగ్" అంటే ఈజ్. "హీస్ గాట్ ఎ కోల్డ్", "హీస్ బీన్ టు దుబాయ్" అంటే హాజ్. అపాస్ట్రఫీ డి కూడా ఇంతే: వెనక వెర్బ్ మొదటి రూపముంటే వుడ్, మూడో రూపముంటే హాడ్. "బెటర్" ఉంటే ఎప్పుడూ హాడ్: "యూడ్ బెటర్ గో, హాడంట్ యూ?" "రాదర్" ఉంటే వుడ్: "యూడ్ రాదర్ స్టే, వుడంట్ యూ?"

"హీస్ గాన్" దగ్గర తకరారు వస్తే ఈజ్, హాజ్ రెండిటికీ మార్కులివ్వండి. "హీ ఈజ్ గాన్" కూడా మంచి ఇంగ్లిషే.

వాక్యంలో "నాట్" లేకపోయినా నెగటివ్ అయ్యేవి ఏవి?

నెవర్, హార్డ్లీ, స్కేర్స్లీ, బేర్లీ, సెల్డమ్, రేర్లీ, నోబడీ, నో వన్, నథింగ్, నన్, నీదర్, "ఎ" లేని ఫ్యూ, "ఎ" లేని లిటిల్. వీటిలో ఏదున్నా ట్యాగ్ పాజిటివ్. "హీ నెవర్ కమ్స్ లేట్, డజ్ హీ?" "షీ హార్డ్లీ ఈట్స్, డజ్ షీ?" "ఫ్యూ పీపుల్ న్యూ, డిడ్ దే?" కానీ "ఎ ఫ్యూ పీపుల్ న్యూ, డిడంట్ దే?" ఫ్యూ అంటే దాదాపు ఎవరూ లేరని, ఎ ఫ్యూ అంటే కొందరైనా ఉన్నారని. లిటిల్, ఎ లిటిల్ కూడా అంతే.

దీనికి ఎదురు ఉచ్చు ఒకటుంది. అర్థంలో చెడు కనపడినంత మాత్రాన వాక్యం నెగటివ్ కాదు. "షీ ఈజ్ అన్‌హ్యాపీ, ఇజంట్ షీ?" "హీ డిస్‌లైక్స్ కాఫీ, డజంట్ హీ?" "దే ఫెయిల్డ్, డిడంట్ దే?" అన్నీ పాజిటివ్ వాక్యాలే. మాటకు ముందు తగిలిన అన్, డిస్ ఆ మాటనే మారుస్తాయి, వాక్యాన్ని మార్చవు. ఈ రెండు గుంపుల్నీ ఒకేరోజు చెప్తే కలగాపులగం అవుతుంది. కనీసం రెండు రోజులు ఎడం ఇవ్వండి.

నెగటివ్ వాక్యానికి పిల్లలు "యెస్" అని, వెంటనే "ఐ డిడంట్" అంటున్నారు. ఎలా మాన్పించాలి?

ట్యాగుల్లో నిజంగా నష్టం చేసే తప్పు ఇదొక్కటే. "డజంట్ హీ" బదులు "ఇజంట్ ఇట్" అంటే ఎదుటివాళ్లకు విషయం తెలిసిపోతుంది. జవాబు తిరగబడితే అర్థమే తిరగబడుతుంది.

కారణం మన భాషలో ఉంది. "నువ్వు నిన్న రాలేదు కదా?" అంటే "ఔను, రాలేదు" అంటాం. ఆ ఔను ఎదుటివాళ్లు చెప్పింది నిజమని ఒప్పుకోవడం. ఇంగ్లిష్ యెస్ అలా ఒప్పుకోదు, జరిగినదాన్నే చూస్తుంది. జరిగితే యెస్, జరగకపోతే నో. అడిగినవాళ్లు ఎలా అడిగారన్నది దానికి అక్కర్లేదు.

"యూ డిడంట్ కమ్ ఎస్టర్డే, డిడ్ యూ?" రాలేదు కాబట్టి "నో, ఐ డిడంట్." వచ్చి ఉంటే "యెస్, ఐ డిడ్."

"యూ హావంట్ పెయిడ్ ద ఫీ, హావ్ యూ?" అని కాలేజీ కౌంటర్లో అడిగితే ఊరికే "యెస్" అన్న కుర్రాడు కట్టేశానని చెప్పినట్టు. "యూ ఆర్ నాట్ అలర్జిక్ టు పెన్సిలిన్, ఆర్ యూ?" అని బయటి దేశంలో నర్సు అడిగితే, ఎలర్జీ లేదనే ఉద్దేశంతో "యెస్" అన్న మనిషి ఉందని చెప్పినట్టు. పెద్దల క్లాసుల్లో ఈ రెండో ఉదాహరణ బాగా పనిచేస్తుంది.

సాధన ఇలా. రెండు వారాలపాటు ఒట్టి యెస్, ఒట్టి నో నిషేధించండి, వెర్బ్ కూడా అనాల్సిందే. "యెస్" అని మొదలుపెట్టి "డిడంట్" దగ్గరికి వచ్చేసరికి వాళ్లకే నాలుక తడబడి తెలిసిపోతుంది. రెండో సాధన: ఒకే సంగతిని మూడు రకాలుగా అడగండి. "డిడ్ యూ ఈట్?" "యూ ఏట్, డిడంట్ యూ?" "యూ డిడంట్ ఈట్, డిడ్ యూ?" తినని పిల్లవాడు మూడింటికీ "నో, ఐ డిడంట్" అనాలి. జవాబు మారనే మారదని చెవికి ఎక్కేదాకా రోజూ రెండు నిమిషాలు చెయ్యండి. తల ఊపడం కూడా గమనించండి. నోటితో నో అంటూ తలతో ఔనని ఊపడం మనవాళ్లకు మామూలే, అది బయటివాళ్లను గందరగోళపెడుతుంది.

గొంతు పైకా, కిందికా?

నమ్మకంగా తెలిసి ఒప్పుకోలు కోసం అంటే కిందికి. అనుమానం ఉండి నిజంగా అడుగుతుంటే పైకి. "ద ట్రెయిన్ ఈజ్ అట్ సిక్స్, ఇజంట్ ఇట్?" కిందికి దిగితే ఆరింటికని తెలుసు, నువ్వూ ఔనను అని. పైకి లేస్తే ఏడింటికేమోనని గాభరా.

ఇది మనకు కొత్త కాదు. "వస్తావు కదా" అని ధీమాగా అనడం వేరు, "వస్తావు కదా?" అని దిగులుగా అడగడం వేరు. ముందు తెలుగులో రెండు రకాలుగా అనిపించి, అదే గొంతును ఇంగ్లిష్ ట్యాగ్ మీదికి తెండి. అయితే ఒక జాగ్రత్త: వాక్యం చివర ప్రశ్నార్థకం కనపడగానే పిల్లలు అన్నిటికీ గొంతు లేపేస్తారు. అందుకే ముందు కిందికి దిగేదే నేర్పమన్నది.

బోర్డు మీద ట్యాగ్ పైన బాణం గుర్తు వెయ్యండి. చేత్తో కూడా చూపించండి, చెయ్యి దిగితే గొంతు దిగాలి.

"ఇజంట్ ఇట్" అన్నిచోట్లా వాడితే తప్పా?

"యూ ఆర్ కమింగ్, ఇజంట్ ఇట్?" అన్నది భారతీయ ఇంగ్లిష్‌లో బాగా వేళ్లూనుకున్న వాడుక. వేల్స్‌లోనూ ఇలాంటిది ఉంది, లండన్ కుర్రాళ్ల "ఇన్నిట్" కూడా ఇదే బాపతు. కాబట్టి దాన్ని ఎగతాళి చెయ్యకండి, అలా మాట్లాడే తల్లిదండ్రులు, తోటి టీచర్లు పిల్లల చుట్టూ ఉంటారు.

కానీ పరీక్షలో, ఇంటర్వ్యూలో, బయటి దేశాలవాళ్లతో మాట్లాడేటప్పుడు అది తప్పుగానే లెక్క. ఆ సంగతి సూటిగా చెప్పండి. మాటల మధ్య అలవాటుగా వచ్చే "నో?", "నా" కూడా ఇంతే.

"రైట్?" అంటే సరిపోదా?

మాటల్లో సరిపోతుంది. అమెరికాలో మామూలు సంభాషణల్లో ట్యాగులకంటే అదే ఎక్కువ వినపడుతుంది. ట్యాగులు దండిగా వాడేది బ్రిటిష్ వాళ్లు. మాట్లాడటం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన పెద్దవాళ్లకు "యూ ఆర్ ఫ్రమ్ గుంటూరు, రైట్?" తొలి మెట్టుగా ఇవ్వడం మంచిదే, దానితో ధైర్యం వస్తుంది. రాతలో, పరీక్షలో మాత్రం కుదరదు.

"ఐ యామ్"కు ట్యాగ్ ఏది?

"ఐ యామ్ లేట్, ఆరంట్ ఐ?" నెగటివ్ అయితే "ఐ యామ్ నాట్ లేట్, యామ్ ఐ?" మరీ మర్యాదగా రాసేటప్పుడు "యామ్ ఐ నాట్". "యామంట్ ఐ" ఐర్లండ్, స్కాట్లండ్‌లలో వినపడుతుంది, మనం నేర్పక్కర్లేదు. "ఐ" పక్కన "ఆర్" ఏమిటని పిల్లలు అడుగుతారు. వాడుక అలా స్థిరపడిందని చెప్పి ముందుకెళ్లండి.

ఆజ్ఞలకు, "లెట్స్"కు?

"లెట్స్ గో, షల్ వీ?" ఒకే రూపం, "లెట్స్ నాట్"కు కూడా అదే. "క్లోజ్ ద డోర్, విల్ యూ?" "డోంట్ బీ లేట్, విల్ యూ?" నెగటివ్ ఆజ్ఞకు విల్ యూ తప్ప మరోటి లేదు. "సిట్ డౌన్, వోంట్ యూ?" అన్నది ఆహ్వానం, ఇంటికొచ్చినవాళ్లతో అనేది. వుడ్ యూ, కుడ్ యూ కొంచెం మెత్తన. "కాంట్ యూ" చిరాకు.

పిల్లలు "విల్ యూ" తగిలిస్తే మర్యాద వచ్చేసినట్టు అనుకుంటారు. పెద్దలతో, పైవాళ్లతో "గివ్ మీ ద ఫైల్, విల్ యూ?" అంటే పురమాయించినట్టే ఉంటుంది. వాళ్లతో "కుడ్ యూ గివ్ మీ ద ఫైల్, ప్లీజ్?" అనమనండి. "లెట్ అస్" విషయంలో కూడా జాగ్రత్త: "మమ్మల్ని వెళ్లనివ్వండి" అని అనుమతి అడుగుతుంటే "విల్ యూ", "వెళ్దాం పదండి" అయితే "షల్ వీ".

ఎవ్రీబడీ, నథింగ్, దిస్, దేర్ లాంటివాటికి ఏ ప్రొనౌన్?

మనుషుల్ని చెప్పే ఎవ్రీబడీ, సమ్‌వన్, నోబడీలకు దే: "ఎవ్రీబడీ హాజ్ కమ్, హావంట్ దే?" వాక్యంలో హాజ్, ట్యాగ్‌లో హావ్. ఇక్కడ చాలామంది "హాజంట్ దే" రాస్తారు. వస్తువుల్ని చెప్పే నథింగ్, ఎవ్రీథింగ్‌లకు ఇట్: "నథింగ్ హాపెండ్, డిడ్ ఇట్?" దిస్, దట్ అయితే ఇట్. దీజ్, దోజ్ అయితే దే. దేర్ మాత్రం మారకుండా దేరే: "దేర్ ఈజ్ ఎ బస్ అట్ టెన్, ఇజంట్ దేర్?"

రెండు క్లాజులున్న వాక్యంలో ట్యాగ్ దేనికి?

మామూలుగా అసలు క్లాజుకు. "యూ నో దట్ షీ లెఫ్ట్, డోంట్ యూ?" బట్, అండ్‌తో కలిపిన వాక్యమైతే చివరి దానికి: "రవి ఫెయిల్డ్ బట్ సీత పాస్డ్, డిడంట్ షీ?"

"ఐ థింక్", "ఐ సపోజ్", "ఐ బిలీవ్" మాత్రం దీనికి లొంగవు. చెప్పేవాడు తన అభిప్రాయాన్ని మెత్తగా చెప్పడానికే వాటిని వాడతాడు కాబట్టి ట్యాగ్ వెనకాల క్లాజుకు వెళ్తుంది: "ఐ థింక్ షీ హాజ్ లెఫ్ట్, హాజంట్ షీ?" "ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్, విల్ హీ?" ఈ రెండో వాక్యంలో "నాట్" ముందు క్లాజులో ఉన్నా దాని అర్థం వెనక క్లాజుకు చెందుతుంది. ఇది పదో తరగతి దాటినవాళ్లకు, టెట్, డీఎస్సీ రాసేవాళ్లకు చెప్తే చాలు.

మస్ట్, మే, యూజ్డ్ టు, ఆట్ టు?

"యూజ్డ్ టు"కు డిడంట్. "ఆట్ టు"కు షుడంట్ లేదా ఆటంట్. "వీ మస్ట్ గో"కు మసంట్ వీ. "యూ మస్ట్ బీ టైర్డ్" ఊహ మాత్రమే కాబట్టి ఎక్కువగా "ఆరంట్ యూ". "మే"కు సహజంగా పలికే ట్యాగే లేదు. "మేయంట్" ఇవాళ ఎవరూ అనరు. ప్రశ్నపత్రంలో మే పెట్టకండి.

"సో యూ ఆర్ ద న్యూ మానిటర్, ఆర్ యూ?" అన్నది తప్పు కాదా?

కాదు. పాజిటివ్ వాక్యానికి పాజిటివ్ ట్యాగ్. అప్పుడే విన్నదాన్ని తిరిగి అంటూ ఆసక్తో, ఆశ్చర్యమో, వెటకారమో చూపించడానికి వాడతారు. "ఓహో, కొత్త మానిటర్‌వి నువ్వేనన్నమాట" లాంటిది. హైస్కూల్లో నేర్పకండి. పై తరగతుల్లో చదవడంలో ఎదురైతే వివరించండి.

క్లాసులో 60 మంది ఉన్నారు. అందరిచేతా మాట్లాడించడం ఎలా?

చీటీల జత: అయిదు వాక్యాలు, అయిదు ట్యాగులు విడివిడి చీటీల మీద రాయండి. అదే సెట్ ఆరు కాపీలు చేస్తే 60 చీటీలు. పదేసి మంది ఆరు గుంపులు, మనిషికొకటి, జత వెతుక్కోవాలి. ట్యాగులు అయిదూ వేరువేరుగా ఉండాలి: ఇజంట్ షీ, డజంట్ హీ, డిడంట్ దే, ఆరంట్ యూ, కాంట్ వీ. ఒక వాక్యానికి రెండు ట్యాగులు అతికేలా రాస్తే ఆట అక్కడే ఆగిపోతుంది.

బొమ్మ ఆట: మనుషులు, జంతువులు, వస్తువులు బాగా ఉన్న బొమ్మ 30 సెకన్లు చూపించి దాచెయ్యండి. జంటల్లో గుర్తు చేసుకోవాలి: "దేర్ వాజ్ ఎ డాగ్ అండర్ ద బెంచ్, వాజంట్ దేర్?" "ద మ్యాన్ వాజ్ వేరింగ్ ఎ క్యాప్, వాజంట్ హీ?" ఇక్కడ రూఢి చేసుకోవాల్సిన అవసరం నిజంగానే ఉంటుంది, అందుకే ఈ ఆట మిగతావాటికంటే మేలు.

గొంతు ఆట: పక్కవాళ్ల గురించి మూడు కచ్చితంగా తెలిసినవి, రెండు అనుమానం ఉన్నవి రాసుకోవాలి. చదివి వినిపిస్తుంటే ఏవి తెలిసినవో, ఏవి అనుమానమో గొంతును బట్టే పక్కవాళ్లు చెప్పాలి. ఇది క్లాసంతా ఒకేసారి చేస్తే గొంతు వినపడదు. సగం మంది మాట్లాడుతుంటే మిగతా సగం రాసే పని చేసుకోవాలి.

మాట్లాడుతుండగా తప్పు చేస్తే అక్కడే దిద్దాలా?

సాధన చేయిస్తున్నప్పుడైతే వెంటనే. ఏ మెట్టో గుర్తుచేసేలా వేలు చూపించండి, జవాబు మీరు అందించొద్దు. ఏదైనా విషయం చెప్పుకొస్తుంటే ఆపకండి. "మై సిస్టర్ టీచెస్ మ్యాథ్స్, ఇజంట్ ఇట్" అన్నప్పుడు "ఓ, షీ టీచెస్ మ్యాథ్స్, డజ్ షీ? విచ్ క్లాస్?" అని మీ మాటలో సరైన వెర్బ్, ప్రొనౌన్ వినిపించి సంభాషణ సాగించండి. యెస్–నో తిరగబడిన జవాబును మాత్రం ఎప్పుడైనా సరే ఆపి దిద్దండి.

రాతలో ఏమేం చూడాలి?

ట్యాగ్‌కు ముందు కామా, చివర ప్రశ్నార్థకం, అపాస్ట్రఫీ ఎన్, టీ అక్షరాల మధ్య. ట్యాగ్ చిన్న అక్షరంతోనే మొదలవుతుంది, "ఐ" ఒక్కటే పెద్దది. విల్ నాట్ కుదిస్తే వోంట్, దాని స్పెల్లింగ్ విడిగా రాయించండి. కుదించకుండా రాస్తే వరుస మారుతుంది: "ఆర్ యూ నాట్?", అంతేగానీ "ఆర్ నాట్ యూ?" కాదు. కామా మరిచిన ప్రతి చోటా అర మార్కు కోస్తే పిల్లలు కామాల మీదే దృష్టి పెట్టి ట్యాగ్ గాలికొదిలేస్తారు. ఒక పేపరులో మొత్తం మీద ఒక్కసారి కోస్తే చాలు.

ప్రశ్నపత్రంలో ఏ రకం ప్రశ్నలివ్వాలి?

పది మార్కులుంటే మామూలు ట్యాగులకు నాలుగు, నెగటివ్ మాటలు దాగినవాటికి రెండు, ఐ యామ్, లెట్స్ వంటివాటికి ఒకటి, మిగతా మూడూ సందర్భాన్ని బట్టి రాసేవాటికి. ఈ చివరి రకం ఇలా ఉంటుంది: "మీ స్నేహితురాలు నిన్న సెలవు పెట్టిందని విన్నారు. ఆమెను ఎలా అడుగుతారు?" "యూ వర్ ఆబ్సెంట్ ఎస్టర్డే, వరంట్ యూ?" అన్నా, "యూ డిడంట్ కమ్ టు స్కూల్ ఎస్టర్డే, డిడ్ యూ?" అన్నా పూర్తి మార్కులే. ఒక ప్రశ్నకైనా జవాబు కూడా రాయించండి, ఆమె నిజంగా రాలేదని ముందే చెప్పి. మొదటిదానికి "యెస్, ఐ వాజ్", రెండోదానికి "నో, ఐ డిడంట్".